పాట కింద మాట

నాకు ఒక చోట నిలబడటం చేతకాదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతావేంరా అని మా అమ్మ చిన్నప్పటి నుంచీ తిట్టేది. ఆ తిరుగుడే నాకు అన్నం పెట్టింది. రెజిమెంటల్ బజార్‌లో చిన్న షాపు, రెండు వీసీఆర్‌లు, ఎత్తుకుంటే మెడ ఒక పక్కకు వంగిపోయే వీడియో కెమెరా, నేను, మా బామ్మర్ది. క్యాసెట్ల కాలంలో సికింద్రాబాద్ పెళ్ళిళ్ళు చాలానే తీశాం.

మా తర్వాత ఈ పనిలోకి వచ్చినవాళ్ళు నన్ను సలహాలు అడుగుతుంటారు. చెప్తాను. బ్యాటరీలు రెండు కాదు, మూడు పెట్టుకో. ముందు వరుసలో కూర్చున్న ముసలివాళ్ళకు అడ్డం నిలబడకు, శాపనార్థాలు తగులుతాయి. నోట్లో ముద్ద పెట్టుకునేవాడి మొహం మీద లైటు వెయ్యకు. ఇవన్నీ ఎవడైనా చెప్తాడు. నేను చెప్పాల్సింది ఇంకొకటుంది. అది చెప్పాలంటే నా బుద్ధితక్కువ పని ఒకటి బయటపెట్టుకోవాలి, అందుకే ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చాను.

అప్పట్లో పెళ్ళి క్యాసెట్ అంటే మొదటి నుంచి చివరిదాకా పాటలే. తీసిన క్యాసెట్‌ను మేం మాస్టర్ అనేవాళ్ళం. దాన్ని ఒక వీసీఆర్‌లో పెట్టి, ఇంకో వీసీఆర్‌లో కొత్త క్యాసెట్ పెట్టి, అసలు చప్పుళ్ళన్నీ తీసేసి పాటలు ఎక్కించి, ఆ కాపీని పెళ్ళివాళ్ళకు ఇచ్చేవాళ్ళం. మాస్టర్ మా దగ్గరే ఉండేది. కొత్త క్యాసెట్లు చేతిలో లేని రోజున దాని మీదే ఇంకో పెళ్ళి తీసేవాళ్ళం. పాత పెళ్ళి చెరిగిపోయి కొత్త పెళ్ళి ఎక్కేది. తప్పని మాకెవరికీ తోచలేదు, బజార్‌లో అందరూ చేసేదే.

ఒకసారి నేరేడ్‌మెట్ వాళ్ళమ్మాయి పెళ్ళి చర్చిలో తీశాను. నేను అలవాటుగా వేదిక చుట్టూ తిరుగుతుంటే పాస్టరయ్యగారు వేలితో పిలిచి, "తమ్ముడూ, ఇక్కడ ప్రార్థన జరుగుతోంది. ఆ స్తంభం దగ్గర నిలబడు, కదలొద్దు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. గంటసేపు స్తంభం పక్కన నిలబడి ఏం తియ్యాలి? పోనీ అని నిలబడ్డాను. నా తల మీదే స్పీకర్ పెట్టె ఉందన్న సంగతి, ప్రతి మాటా కెమెరాలోకి స్పష్టంగా ఎక్కుతోందన్న సంగతి నేను పట్టించుకోలేదు.

ప్రమాణాల వేళ అయ్యింది. అయ్యగారు ఒక్కో ముక్కా చెప్తుంటే వాళ్ళు తిరిగి చెప్పాలి. పెళ్ళికొడుకు ఖంగున చెప్పేశాడు. తర్వాత పెళ్ళికూతురు. రెండు మూడు ముక్కలు బాగానే చెప్పింది. "ఈయనను నా" అని ఆగిపోయింది. పెదవులు కలిశాయి, విడిపోవడం లేదు. చర్చి మొత్తం నిశ్శబ్దం, పైన ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడొక్కటే. అయ్యగారు మళ్ళీ అందించలేదు, పుస్తకం పట్టుకుని ఊరికే ఎదురుచూశారు. నాకు మాత్రం ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. చూడలేక కెమెరాను పూలకుండీ మీదికి తిప్పేశాను. ఎంతసేపటికో "భర్తగా" అన్న మాట వినబడింది. ఆ తర్వాత మిగతాదంతా వచ్చింది.

చర్చి పెళ్ళిళ్ళలో ఆ ప్రమాణాల దగ్గర మాత్రం మేం పాట ఆపి అసలు గొంతులు ఉంచేవాళ్ళం. ఈసారి నేను ఉంచలేదు. జీవితాంతం చూసుకునే క్యాసెట్‌లో ఆ పిల్ల తడబాటు ఎందుకు పాపం అనుకుని, అక్కడ కూడా పాట ఎక్కించాను. మంచి పని చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

రెండు వారాల తర్వాత, ఒక గురువారం పొద్దున కాపీ తీసుకుని నేరేడ్‌మెట్ వెళ్ళాను. పెళ్ళికూతురు అత్తవారింటికి బెజవాడ వెళ్ళిపోయింది. ఇంట్లో ఆమె తల్లి, అమ్మమ్మ ఉన్నారు. అమ్మమ్మ రిటైరైన టీచరు. పెళ్ళికి వారం ముందు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచానికి అంటుకుపోయింది, పెళ్ళికి రాలేదు. ఆమె కోసమే టీవీని మంచం దగ్గరికి జరిపారు. నేను క్యాసెట్ పెట్టి వెళ్ళబోతుంటే, "కూర్చో బాబూ, నాకు కావలసిన చోటు నువ్వే పెట్టాలి" అంది.

ఏ చోటని అడిగాను.

"ప్రమాణాలు. మిగతాది ఈ జన్మంతా చూసుకోవచ్చు."

ముందుకు తిప్పి పెట్టాను. తెర మీద మనవరాలు పెదవులు కదిలిస్తోంది, గదినిండా పాట మోగుతోంది. ఆమె దిండు మీంచి తల లేపి విన్నది. పాట అయిపోయి రెండోది మొదలైంది.

"మాట ఏది బాబూ?" అంది.

"పాట వేసినం టీచరమ్మా. అందరికీ గట్లనే వేస్తం."

కూతురు కల్పించుకుని, "ఎన్నిసార్లు చెప్పానమ్మా నీకు, గడగడా చెప్పేసిందని" అంది.

"అందరూ అదే మాట చెప్తున్నారు. అందుకే నాకు నమ్మకం కుదరట్లేదు" అంది ముసలామె. తర్వాత నా వైపు తిరిగి, "దానికి చిన్నప్పటి నుంచీ నత్తి. బ దగ్గరా, ప దగ్గరా నాలుక కట్టేసినట్టు నిలబడిపోయేది. పదేళ్ళు ప్రతి సాయంత్రం నా ముందు కూర్చోబెట్టి గట్టిగా చదివించాను. అంతమంది ముందు ఆ మాట తనంతట తను చెప్పిందా, ఎవరైనా అందించారా? నాకది తెలియాలి" అంది.

"ఫోన్ చేసి చెప్పించుకోవచ్చుగా" అంది కూతురు.

"నా దగ్గర చెప్తే అది పాఠం. అక్కడ చెప్తేనే మాట."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను దయ అనుకుని కప్పేసింది ఈమె పదేళ్ళ కష్టాన్ని. "అసలు క్యాసెట్ మా షాపుల ఉంది. గంటల తెస్త" అని లేచాను.

గేటు దాటి స్కూటర్‌కు కిక్ కొట్టానో లేదో, ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు పదకొండింటికి మెట్టుగూడ ఫంక్షన్ హాల్లో పెళ్ళి. బామ్మర్ది తియ్యాలి. ముందురోజు సాయంత్రమే కొత్త క్యాసెట్లు అయిపోయాయి బావా అన్నాడు. అల్మారాలో పాతవేవో ఉన్నాయి చూసుకో అన్నది నేనే.

ఆ దారిలో నేను నడిపిన నడుపుడు తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. ఒక్కో పెట్టె తీరుబడిగా పోతుంటే హ్యాండిల్ మీద వేళ్ళతో కొట్టుకుంటూ, డ్రైవర్‌నూ గార్డునూ పుట్టించిన బ్రహ్మనూ తిట్టాను. పక్కన సైకిలాయన, "ఏందన్నా గంత పరేషాన్ ఉన్నవ్?" అన్నాడు.

షాపు తాళం తీసి చూస్తే అల్మారాలో నేరేడ్‌మెట్ మాస్టర్ ఒక్కటే లేదు. ఏ నిమిషంలో ఏముందో రాసుకునే నా మిక్సింగ్ పుస్తకం తీశాను. నలభై ఏడో నిమిషం పెళ్ళికొడుకు, నలభై తొమ్మిది పెళ్ళికూతురు అని నా చేతిరాత. అంటే బామ్మర్ది నలభై ఏడు నిమిషాలకు మించి తియ్యకముందే నేను అక్కడుండాలి. పక్క షాపులో ఒక కొత్త క్యాసెట్ అడుక్కుని మళ్ళీ స్కూటరెక్కాను.

ఇక్కడొక సలహా, మధ్యలోనే చెప్పేస్తాను. క్యాసెట్ వీపున ఒక చిన్న ప్లాస్టిక్ పలుకు ఉండేది. దాన్ని విరిచేస్తే ఇక దాని మీద ఇంకేదీ ఎక్కదు. నేను పెళ్ళివాళ్ళకిచ్చే కాపీలకు ఆ పలుకు జాగ్రత్తగా విరిచేవాణ్ణి. మాస్టర్‌కు విరిచేవాణ్ణి కాదు, మళ్ళీ వాడుకోవాలి కదా. తాళం వెయ్యాల్సిన గది వదిలేసి గోడకు తాళం వేసిన తెలివి నాది.

హాల్లోకి అడుగుపెట్టేసరికి గట్టిమేళం మొదలైంది. జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కాను. పెళ్ళికొడుకు చేతిలో తాళి ఉంది. బామ్మర్ది మోకాలి మీద కూర్చుని తీస్తున్నాడు. వెనక నుంచి వంగి చూశాను. కౌంటర్ మీద నలభై ఆరు దాటింది.

"ఆపు, క్యాసెట్ మార్చాలె" అన్నాను వాడి చెవిలో.

"దిమాగ్ ఖరాబయిందా బావా? తాళి కడుతుండు. ఇప్పుడు ఆపితే నన్ను ఈడనే బొంద పెడ్తరు."

వాడన్నది నిజమే. క్యాసెట్ మార్చాలంటే అర నిమిషం. ఆ అర నిమిషంలో ఈ పెళ్ళికూతురి మెళ్ళో మూడు ముళ్ళూ పడిపోతాయి. ఆమెకూ ఎక్కడో ఒక అమ్మమ్మ ఉండే ఉంటుంది. నా చెయ్యి బటన్ దాకా వెళ్ళి వెనక్కొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి ఆ చేతిని జేబులో పెట్టుకుని నిలబడ్డాను.

తొందరగా కట్టేస్తే బాగుండునని అన్ని దేవుళ్ళకూ మొక్కుతుంటే, బామ్మర్ది కెమెరా వెనక నుంచి చెయ్యి ఊపి, "బాబూ, ఆగు ఆగు. తాళి జెర పైకి పట్టు. ఇటు చూడు. గట్లనే ఉండు" అన్నాడు. పెళ్ళికొడుకు బొమ్మలా నిలబడిపోయాడు. బామ్మర్ది తాళి మీదికి మెల్లగా జూమ్ చేశాడు. తాళి నుంచి పెళ్ళికూతురి మొహానికి, మొహం నుంచి మళ్ళీ తాళికి. నలభై ఏడు దాటింది. చర్చి పెళ్ళికొడుకు గొంతు చెరిగిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది.

"చాలురా, కట్టనియ్" అన్నాను పళ్ళు కొరుకుతూ.

"నువ్వే నేర్పినవ్ గద బావా, తాళి మీద తక్వల తక్వ నిమిషం ఉండాలె అని."

నేర్పాను. ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడు.

మొదటి ముడి. రెండో ముడి దగ్గర ఆడపడుచు వంగి అడ్డమొస్తే, ఆమెను జరగమని మళ్ళీ ఆపాడు. నలభై ఎనిమిది దాటి అంకెలు పరిగెత్తుతున్నాయి. మూడో ముడి పడింది. అక్షింతలు నా నెత్తి మీద కూడా పడుతుండగా నేనే చెయ్యి చాపి బటన్ నొక్కేశాను. నలభై తొమ్మిది నిమిషాల పది సెకన్లు. బామ్మర్ది నన్ను ఏదో అన్నాడు, మేళంలో వినపడలేదు. ఇద్దరం కలిసి కొత్త క్యాసెట్ పెట్టేసరికి తలంబ్రాల పళ్ళెం వచ్చింది.

మాస్టర్‌లో ఏం మిగిలిందో చూసుకోలేదు. చూడటానికి ధైర్యం చాలలేదు. బుష్‌షర్టు లోపల పెట్టుకుని తిన్నగా నేరేడ్‌మెట్ వెళ్ళాను. గంటలో తెస్తానన్నాను, మూడు గంటలు పట్టింది. ఆమె అదే దిండుకు ఆనుకుని ఉంది, అన్నం కూడా తినలేదట.

జరిగిందంతా దాచకుండా చెప్పాను. క్యాసెట్ కాస్త వెనక్కి తిప్పి పెట్టాను. మూడో ముడి పడింది, అక్షింతలు పడ్డాయి, బొమ్మ చిరిగి చారలు వచ్చాయి. ఒక్కసారిగా మేళం ఆగి చర్చి నిశ్శబ్దం వచ్చింది. ముందు ముక్కలు పోయాయి. "ఈయనను నా" అన్న దగ్గర ఆ పిల్ల గొంతు మొదలైంది, వెంటనే ఆగిపోయింది.

తెర మీద పూలకుండీ. ఫ్యాన్ల చప్పుడు. పెళ్ళికూతురి తల్లి నన్ను కొరకొరా చూసి టీవీ కట్టెయ్యబోయింది. ముసలామె చెయ్యెత్తి ఆపింది. కళ్ళు మూసుకుంది. రెండో చేతి చూపుడువేలితో మంచం పట్టె మీద మెల్లగా కొడుతోంది. ఒకటి, రెండు, మూడు. తొందర లేదు. పదేళ్ళ సాయంత్రాలు అలాగే కొట్టి ఉంటుంది. ఎనిమిదో దెబ్బకు "భర్తగా" అని వినబడింది. మధ్యలో ఇంకెవరి గొంతూ లేదు.

ఆమె కళ్ళు తెరవలేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"గడగడా చెప్పిందన్నారు" అంది కూతురితో.

"నువ్వు బాధపడతావనమ్మా."

"నేను దానికి గడగడా మాట్లాడటం నేర్పలేదే. ఆగిపోయినప్పుడు పారిపోకుండా నిలబడటం నేర్పాను." తర్వాత నన్నడిగింది. "అబ్బాయి చెప్పింది?"

"పోయింది టీచరమ్మా. నా తప్పే."

"వాడికేంలే, వాడు చెప్పే ఉంటాడు. మళ్ళీ పెట్టు బాబూ."

వెనక్కి తిప్పాను. తొందరలో ఎక్కువ తిరిగిపోయింది. ఆ ఇంట్లో గట్టిమేళం మోగింది. ముందుకు తిప్పబోతే, "ఉండనీ, వాళ్ళదీ పెళ్ళేగా" అంది. మూడు ముళ్ళూ పడేదాకా ముగ్గురం చూశాం. చర్చి వచ్చింది. ఆ పిల్ల ఆగింది. ముసలామె వేలు మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. ఈసారి కూతురు కూడా మంచం అంచున కూర్చుంది. నేను గోడకు ఆనుకుని, ఎనిమిది దెబ్బలూ అయ్యేదాకా కాలు కదపకుండా నిలబడ్డాను.