కువైట్ ఇంట్లో సాంబ్రాణి

మా ఆయనది కుప్పం దగ్గర పల్లె. పెళ్లినాటికే కువైట్‌లో ఒక కంపెనీలో సూపర్‌వైజరు. నా వీసా వచ్చేసరికి మదనపల్లె ఆసుపత్రిలో కాన్పు అయిపోయి, మూడు నెలల కూతురు ఒళ్లో ఉంది. పుంగనూరులో మా అమ్మ మూట కట్టిచ్చింది: సాంబ్రాణి, వసకొమ్ము, బిడ్డ కింద వేయడానికి మెత్తటి పాత చీరలు. "ఆడ ఇవన్నీ యాడ దొరుకుతాయమ్మా" అంది. అందరూ కొత్త కాపురానికి పసుపు కుంకుమలు పట్టుకుపోతారు. నేను మంత్రసానిలా మూట చంకన పెట్టుకుని విమానం ఎక్కాను.

ఇల్లంటే ఐదో అంతస్తులో ఒక గది, వంటకు ఒక మూల. దుమ్ము రాకుండా మా ఆయన కిటికీ సందులన్నిటికీ టేపు అంటించాడు. దోమ కూడా దూరదని గొప్పలు పోయాడు. ఆ గది చూడగానే నాకు ఏడుపొచ్చింది. గిన్నెలు సర్దుకున్నా, దేవుడి పటం తగిలించినా అది పరాయి ఇల్లుగానే ఉంది. వారం రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ ఇల్లు నాదని మొదటిసారి అనిపించింది సాంబ్రాణి వేసిన రోజునే.

అక్కడివాళ్లు మాంసం కాల్చుకోవడానికి కొనే బొగ్గులే ఆయన తెచ్చాడు. బిడ్డకు నీళ్లు పోశాక ఆ బొగ్గుల్ని గ్యాసు మీద ఎర్రగా చేసి, ఇనుప సట్టిలో వేసి, సాంబ్రాణి చల్లేదాన్ని. గదంతా మా అమ్మ ఇంటి వాసన. బిడ్డ తల ఆరేది, హాయిగా నిద్రపోయేది. అమ్మ వీడియో కాల్‌లో అంతా చూస్తూ, నేను పొగ వేసే తీరు బాగాలేదని తిట్టేది. నిజం చెప్పాలంటే ఆ దేశంలో నేను సుఖపడింది ఆ కొన్ని రోజులే.

ఎడారిలో అంత చలి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. "బిడ్డ కాళ్లు సల్లగా ఉండాయమ్మా" అన్నాను ఒకరోజు ఫోనులో.

"నిప్పుల సట్టి మంచం పక్కనే పెట్టుకో. బాలింతరాలికీ మంచిదే. నిన్ను నేను అట్లే కదా సాకింది" అంది అమ్మ.

ఆమె నన్ను సాకింది పెంకుటింట్లో. అక్కడ పెంకుల సందుల్లోంచి గాలి వచ్చిపోతూనే ఉండేది. ఆ సంగతి ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆ మధ్యాహ్నం నిప్పుల సట్టి మంచం పక్కన పెట్టుకుని, బిడ్డకు పాలిచ్చి పక్కనే పడుకున్నాను. నిప్పు లేనిదే పొగ రాదంటారు. పొగ లేని నిప్పు ఏం చేస్తుందో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. అన్నానికి వచ్చిన మా ఆయన తలుపు తీసేసరికి నాకు స్పృహ లేదు. నేను ఆసుపత్రిలో కళ్లు తెరిచాను. బిడ్డ తెరవలేదు. బొగ్గుల్లోంచి వాసన లేని విషం పుడుతుందట, గాలి ఆడని గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుందట. డాక్టరమ్మ ఇంకా ఏమేమో చెప్పింది. నా బిడ్డను నా చేతులతో నేనే చంపుకున్నాను. ఎవరెంత ఓదార్చినా ఆ మాటను మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

అమ్మకు మాత్రం బిడ్డ జ్వరంతో పోయిందని చెప్పాం. నిజం తెలిస్తే ఆమె బతకదన్నాడు మా ఆయన. రెండేళ్లు అదే అబద్ధాన్ని మోశాను. ఊరికి పోతే నోరు జారుతానని పోవడమే మానుకున్నాను.

పోయిన చలికాలం మా తమ్ముడికి కూతురు పుట్టింది. అప్పటికే వాడు పెంకుటిల్లు పడగొట్టి మిద్దె కట్టి, అద్దాల కిటికీలు పెట్టించాడు. ఒక ఉదయం అమ్మ ఫోనులో మనవరాలిని చూపించింది. "నీ బిడ్డ మాదిరే ఉండాది సూడు. గాలి తగలకుండా కిటికీలన్నీ బిగించినా. నిప్పుల సట్టి కూడా పెట్టినా, యెచ్చగా నిద్రపోతాండాది."

"అమ్మా, సట్టి బయట పెట్టు. ముందు కిటికీలు తెరువు."

"యాల? సలి కొడతాండాది కదా."

"నా బిడ్డ జ్వరంతో పోలేదమ్మా" అన్నాను. తర్వాత ఆగలేదు, అంతా చెప్పేశాను.

ఫోను మంచం మీద పడింది. నాకు తిరగని ఫ్యాను ఒక్కటే కనిపించింది. కిటికీ గడియలు ఒక్కొక్కటే తీస్తున్న చప్పుడు, "యాలత్తా?" అని మా మరదలు అడగడం వినిపించాయి. చాలాసేపటికి అమ్మ ఫోను తీసుకుంది. "అయితే ఆ బిడ్డను సంపింది నేనా?" అంది. నేను కాదంటుండగానే పెట్టేసింది.

తమ్ముడి బిడ్డ బాగానే ఉంది, ఇప్పుడు నడుస్తోంది. అమ్మ మాత్రం ఆ రోజు నుంచి దానికి నీళ్లు పోయలేదు. ఎత్తుకోమని ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకుంటుందని మా మరదలు చెప్పింది.