దోంగ్వో పెట్టె ఎన్నంగుళాలు

“శవపెట్టెకి మూడంగుళాల చెక్కేనా? నువ్వు పాతిపెట్టేది నాన్ననా, కుక్కనా?”

“కుక్క చస్తే ఎవడూ మూడేళ్ళు గంజి తాగుతూ గుడిసెలో కూర్చోడులే అన్నయ్యా. కూర్చున్నా రాజుగారు పిలిచి కొలువివ్వడు. అదేగా నీ బాధ?”

పెట్టెలకి లక్క పూసే బిన్ తన పాత నేస్తం ఇంటి గడపలోనే ఆగిపోయాడు. లోపల ఉత్తరపు గోడ కింద చాప మీద ముసలి దోంగ్వో పడి ఉన్నాడు. ఊపిరి ఆగే క్షణం తెలియాలని ముక్కు మీద పట్టుపీచు పెట్టారు. పీచు ఇంకా కదులుతూనే ఉంది. కొడుకులిద్దరూ ఆయన మీదుగానే చేతులూపుకుంటూ కొట్లాడుతున్నారు.

పెద్దవాడు రాంగ్. కర్మకాండలు నేర్పే రూ పండితుల శిష్యుడు. తండ్రికి జరిపే కర్మలోనే మనిషి మంచితనం తేలుతుందంటాడు. ఒకదానిలో ఒకటి పట్టే జోడు పెట్టెలు కావాలి, మూడేళ్ళ మైల పట్టాలి. చిన్నవాడు గె. మో అనే గురువు పంథాలో కలిశాడు. లోకంలో ప్రతి తండ్రినీ సొంత తండ్రిలాగే చూడాలంటాడు. శవానికి పెట్టే ఖర్చు బతికున్నవాడి నోటికాడ కూడంటాడు.

దోంగ్వో లిన్‌జి నగరం తూర్పు ద్వారం దగ్గర నలభై ఏళ్ళు శవపేటికలు చేశాడు. తనకోసం ఇరవై ఏళ్ళుగా దేవదారు చెక్కలు దాచుకున్నాడు. కిందటి వానల్లో గట్టు తెగి కూలీలు చస్తే, గె ఆ చెక్కలు కోసి ఆరుగురికి పెట్టెలు చేసేశాడు.

“వాళ్ళూ ఎవరికో నాన్నలేగా!”

“మరి నేనెవడి నాన్ననిరా?” అని ముసలాయన అడిగితే, అది స్వార్థంతో అడిగే ప్రశ్న అన్నాడు గె.

రాంగ్ తక్కువ తినలేదు. పదహారేళ్ళప్పుడు దొరగారి తోటలో చెట్టు కొట్టింది వాడు. నేరం మీదేసుకుని ఎడమ పాదం పోగొట్టుకుంది తండ్రి. కొడుకు తప్పు దాచినవాడే నిజాయితీపరుడని పండితులు మెచ్చుకున్నారు. ఆ కథ చెప్పుకోబట్టే రాంగ్ వాళ్ళ బడిలో చోటు సంపాదించాడు. దొంగని దాచడం ఊరికి నష్టమని గె తేల్చేశాడు. దోంగ్వో మాత్రం తన పాదం నరికిన తలారి ఒక్కడినే మెచ్చుకునేవాడు.

“చట్టం ప్రకారం ఒక్కటే నరుకుతానన్నాడు. ఒక్కటే నరికాడు. నాతో అంత సరిగ్గా ఇంకెవడున్నాడ్రా బిన్?”

ఉన్నట్టుండి పీచు ఆగింది. రాంగ్ తండ్రి అంగీ లాక్కుని ఇంటికప్పు ఎక్కాడు. ఉత్తరానికి తిరిగి, అంగీ ఊపుతూ, పోయిన ప్రాణాన్ని మూడుసార్లు పేరు పెట్టి పిలిచాడు. వీధి చివరిదాకా వినిపించేలా పిలిచాడు.

బిన్ వంగి చూశాడు. ముసలాయన కళ్ళు తెరిచాడు. ఎవడు ముందు ఏడుస్తాడో చూద్దామని ఊపిరి బిగబట్టాడంతే. ఎవడూ ఏడవలేదు.

“ఒరే, దిగరా! మీ నాన్న బతికే ఉన్నాడు!”

“మెల్లగా బాబాయ్!” రాంగ్ పైనుంచి పళ్ళు కొరికాడు. “అందరూ విన్నారు. పిలిచాక బతికితే ఏం చెయ్యాలో శాస్త్రంలో లేదు.”

“పిలిచావు, వచ్చాడు. ఇంకేం కావాలి?” గె నవ్వి, బిన్ వైపు తిరిగాడు. “సాయంత్రానికైనా పోతాడా బాబాయ్? రేపు నాకు గట్టు పనుంది.”

బయట ఇరుగుపొరుగు ఏడుపు అందుకున్నారు. రాంగ్ గబగబా దిగి తండ్రి చెవి దగ్గర వంగాడు.

“నాన్నా, వాళ్ళు వెళ్ళేదాకా కాస్త కళ్ళు మూసుకో.”

అన్నదమ్ములిద్దరూ వాకిట్లోకి పోయారు. దోంగ్వో బిన్ చెయ్యి పట్టుకున్నాడు.

“ఒరే బిన్, ఏదో ఒక పెట్టెలో దుంగ పడేసి మూత బిగించెయ్. దాని మీదే పడి వాళ్ళ వాళ్ళ పద్ధతిలో ఏడ్చుకుంటారు. నన్ను వీపు మీదేసుకో. నీ కొట్లో చస్తాను.”