దబ్బనంతో కుట్టిన పేజీలు

నా చిన్నప్పుడు నాకొక దురలవాటు ఉండేది. ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు చివరి పేజీ చదివేసేదాన్ని. దాన్ని మాన్పించింది బందరులో మా పక్కింటి అక్క.

అక్క దగ్గర ఇటుకంత లావు నవల ఉండేది. గుడివాడలో వాళ్ళమ్మ వారపత్రికలోంచి వారం వారం చింపి దాచి, బైండు చేయించిన సీరియల్ అది. యుద్ధం వల్ల చెట్టుకొకరూ పుట్టకొకరూ అయిపోయిన కుటుంబం కథ. మూడు తరాల మనుషులు, వాళ్ళ పెళ్ళిళ్ళు, అలకలు, ఉత్తరాలు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని అక్క పైకి చదివేది, నేను వినేదాన్ని. ఆ ఇంటి పెద్దకొడుకు మిలిటరీకి వెళ్ళినా వేళాకోళం మానడు. వాడంటే నాకు ప్రాణం. అక్క భర్త, నేను బావా అని పిలిచే ఆయన, అప్పుడు నిజంగానే సరిహద్దులో ఉన్నాడు. రేడియో నిండా యుద్ధం వార్తలే. ఆయన ఉత్తరం వచ్చి నెల దాటింది.

నవల చివరి పేజీలన్నీ కలిపి అక్క దబ్బనంతో కుట్టేసింది. నేను చదివేస్తాననే కుట్టిందని ఉడుక్కున్నాను. ఒకరోజు తను పోస్టాఫీసుకు వెళ్ళగానే, పెన్సిలు చెక్కుకునే సగం బ్లేడుతో ఆ కుట్లు కోసేశాను. పెద్దకొడుకు తిరిగి రాలేదు.

అక్క వస్తూనే నా మొహం చూసి, "చదివేశావు కదూ?" అంది.

"చచ్చిపోయాడక్కా!" అని బావురుమన్నాను. ఎవరి ముందు ఏ మాట అన్నానో అనేశాక తెలిసింది. అక్క గడప మీద కూలబడింది.

"అవి నీ కోసం కుట్టలేదే, పిచ్చిమొహమా. నేను చూడకూడదని కుట్టుకున్నా" అంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, నిన్న ఆపిన చోటు వెతికింది. "ఇంకా మూడొందల పేజీలు బతికే ఉంటాడుగా. రా, కూర్చో."

ఆ మూడొందల పేజీలంత సుఖంగా నేను మరే పుస్తకమూ చదవలేదు. వాడి ప్రతి వేళాకోళానికీ రెండేసిసార్లు నవ్వాం. వాళ్ళమ్మ వాడికి పులుసు వడ్డించే చోట అక్కని పేజీ తిప్పనివ్వలేదు. బావ క్షేమంగానే వచ్చాడు, కానీ చాలా నెలల తర్వాత.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మా ఆయన జబ్బు ఎందాకా వచ్చిందో మొన్న డాక్టరుగారు చెప్పేశారు. ఇంటికొచ్చి, వంటింట్లో తనివితీరా ఏడ్చాను. ఆనక మొహం కడుక్కుని, ఆయనకిష్టమని గోంగూర పచ్చడి నూరి అన్నం వడ్డించాను. "ఉప్పెక్కువేశావ్" అని ఎప్పటిలాగే వంక పెట్టారు. నేనూ ఎప్పటిలాగే పోట్లాటకి దిగాను.