దూడ, సబ్బు, నా తువ్వాలు

పిల్లల్ని క్రిముల నుంచి కాపాడదామని బయల్దేరిన మనిషి చివరికి వాళ్ళకి ఏం చేసిందో చెప్తాను, నవ్వకండి. పోనీ, నవ్వండి. మా ఇంట్లో పగటిపూట నవ్వేవాళ్ళెవరూ ఉండరు, మీరన్నా నవ్వండి.

మాది ప్రత్తిపాడు పక్కన ఊరు. మిర్చి కోతలప్పుడు అమ్మా నాన్నా తెల్లారేసరికి కల్లంలో ఉంటారు. నా ఈడు వాళ్ళంతా పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. నేను ఫోన్‌లో వీడియోలు చూసి జాకెట్లు కుట్టడం నేర్చుకున్నా, కేకులు నేర్చుకున్నా, ఆఖరికి హిందీ కూడా నేర్చుకున్నా. ఆ హిందీ మాట్లాడ్డానికి కుట్టుమిషన్ తప్ప ఎవరూ దొరకలేదు, అది వేరే సంగతి.

అందుకే గుంటూరులో ఉండే అక్కని బతిమాలాను. "వేసవి సెలవులకి పిల్లల్ని నా దగ్గరికి పంపవే!"

అక్కకి క్రిములంటే హడల్. కిందటేడు ఎవరింట్లోనో మేకపిల్లతో ఆడి, చేతులు కడక్కుండా బిస్కెట్లు తిని, చిన్నాడికి వాంతులూ విరేచనాలూ, సెలైన్ దాకా పోయింది. "ముందు ఒక్క ఆదివారం పంపుతా. ఏ రోగమూ లేకుండా తిరిగొస్తే సెలవుల సంగతి మాట్లాడదాం" అంది.

అంటే నాకు పరీక్ష! ఇక నేను ఊరుకుంటానా? వారమంతా అదే చదువు. పశువుల్ని ముట్టుకున్నాక సబ్బు పెట్టి, పారే నీళ్ళతో కడగాలి, శానిటైజర్ ఒక్కటే చాలదు. కొట్టం దగ్గర ఏమీ తినకూడదు. పచ్చిపాలు తాగకూడదు. దూడకి ముద్దులు అసలే వద్దు. అంతా కంఠతా పట్టేశా.

ఆదివారం పొద్దున ముక్కుకి తువ్వాలు చుట్టుకుని కల్లంలో అమ్మతో రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నా. బావ బండి హారన్ వినపడింది. పరిగెత్తుకొచ్చి మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుని, పిల్లలిద్దర్నీ ఎత్తుకున్నా. హాసిని రెండో తరగతి, లక్కీ ఎల్‌కేజీ. "పిన్నీ, దూడేదీ?" దిగీ దిగగానే అదే పాట.

దూడ పక్కింటి మస్తాన్‌బీ అత్త కొట్టంలో ఉంది. నేను సబ్బు పట్టుకుని, పిల్లలకి మాస్కులు పెట్టి తీసుకెళ్ళేసరికి అత్త నోరు తెరిచేసింది.

"ఏంటే, దూడని చూడ్డానికొచ్చావా, ఆపరేషన్ చెయ్యడానికొచ్చావా?"

"క్రిములుంటాయత్తా."

"ఉంటే ఉంటాయి. నిన్ను చూసి ఈపాటికి పారిపోయుంటాయిలే! ఇదిగో, పిల్లలకి గుమ్మపాలు."

"కాచకుండా వద్దత్తా."

"నీ చిన్నప్పుడు నువ్వు తాగినవి ఇవే కదే!"

"అందుకే ఇలా తయారయ్యా!"

అత్త గొణుక్కుంటూ పాలు కాచడానికి లోపలికెళ్ళింది. లక్కీ మాస్కు ఎప్పుడు పీకేశాడో, దూడ వాడి చెయ్యీ బుగ్గా ఒకేసారి నాకేసింది. వాడు కిలకిలా నవ్వుతూ ఆ చేతి వేలు తిన్నగా నోటి దగ్గరికి...

"లక్కీ! వేలు!"

నా అరుపుకి పడుకున్న గేదె లేచి నిలబడింది. ఇద్దర్నీ పంపు దగ్గరికి లాక్కెళ్ళా. వేళ్ళ సందులు, గోళ్ళు, మొహాలు, ఏదీ వదల్లేదు. అక్క చూస్తే నాకు సర్టిఫికెట్ ఇచ్చేది. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి ఒత్తి ఒత్తి తుడిచా. కళ్ళ దాకా.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత లక్కీ ఎత్తుకున్నాడండీ రాగం! "పిన్నీ, మంట!" అని హాసిని గంతులు. నేను సబ్బు వంక చూశా, దూడ వంక చూశా. పాపం, వాటి తప్పేం లేదు. అప్పుడు నాకే తుమ్మొచ్చింది. పొద్దుటి నుంచీ కల్లంలో ముక్కుకి చుట్టుకున్న తువ్వాలది! మిర్చి దుమ్మంతా దాన్లోనే!

కళ్ళల్లోకి నీళ్ళు కొట్టి కొట్టి, చేతులకీ బుగ్గలకీ మజ్జిగ పూసేసరికి నా ప్రాణం పోయింది. ఏడుపులు విని అత్త పరిగెత్తుకొచ్చింది. సంగతి తెలిసి నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఓసి నీ శుభ్రం పాడుగాను! దూడ నాకితే నవ్వాడు గదే బిడ్డ!"

కాసేపటికి మంట తగ్గింది. కాచిన పాలు మా ఇంట్లో కూర్చుని తాగారు, ఆడుకున్నారు కూడా. సాయంత్రం బావ వచ్చి తీసుకెళ్ళేలోపు నేనే సర్దిచెబుదామని అక్కకి ఫోన్ చేశా. హాసిని లాక్కుంది.

"అమ్మా! పిన్ని మమ్మల్ని సబ్బుతో కడిగి కారంతో తుడిచింది!"

వారం ఆగి మళ్ళీ చేశా. జ్వరం లేదు, వాంతులు లేవు, విరేచనాలు లేవు. "చూశావా మరి!" అన్నా గొప్పగా.

"చూశాలే. తువ్వాలు కనపడితే చాలు ఇద్దరూ మంచం కిందికి దూరుతున్నారు. స్నానం చేయించి ఫ్యాన్ కింద ఆరబెడుతున్నా."

"మరి సెలవులకి?"

"చూద్దాంలే."

మా అక్క నోట 'చూద్దాంలే' అంటే ఏంటో నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఫోన్ పెట్టేసి మిషన్ ముందు కూర్చున్నా. ఇల్లంతా దాని చప్పుడే.

పని మాత్రం పక్కాగా చేశానండీ. ఆ రోజు ఒక్క క్రిమి కూడా బతకలేదు. నా వేసవి సెలవులూ బతకలేదు.