మేనత్త చూపుడువేలు

మా మేనత్త ఈ లోకంలో ఎవరినీ నమ్మదు, తన కుడిచేతి చూపుడువేలిని తప్ప. పూలకుండీ కనిపిస్తే చాలు, వేలిని రెండో కణుపు దాకా మట్టిలోకి దించి, పైకి తీసి, వెలుగులో తిప్పి చూసుకుని అప్పుడు తీర్పు చెబుతుంది.

"తడుంది. ఎవరైనా చెంబు ఎత్తారో, చెయ్యి విరిచేస్తా."

ఆవిడ ముప్పై ఏళ్లు నర్సు. రిటైరయ్యాక కూడా తెల్లవారకముందే ఆసుపత్రిలో హాజరు. నేనూ అక్కడే నర్సుని. మాది చివరి వార్డు. అక్కడికి వచ్చినవాళ్లలో తిరిగి ఇంటికి నడిచి వెళ్లేవాళ్లు బహు తక్కువ. ఆ వరండాలో అత్తయ్య నలభై కుండీలు పెట్టింది. జీనియాలు, బంతులు, కాస్మోస్. అన్నీ మూణ్ణాలుగు నెలలు విరగబూసి పోయేవే.

"ఏళ్ల తరబడి ఉండే మొక్కలు పెట్టొచ్చు కదా అత్తయ్యా?" అన్నానొకసారి.

"అవి పూసేదాకా ఈ వార్డులో ఆగేదెవరే?" అంది.

ఒకరోజు పెద్దడాక్టరు అత్తయ్యని తన గదికి పిలిపించారు. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు, ఈవిడ వేలు బల్లమీది కుండీలోకి వెళ్లిపోయింది. అది ప్లాస్టిక్ మొక్క. అత్తయ్య వేలు తుడుచుకుని, "మంచిపని చేశారు డాక్టరుగారూ. మీ చేతిలో ఇదొక్కటే బతుకుతుంది" అంది. ఆయన అదిరిపడి, ఆ తర్వాత పడీపడీ నవ్వారు. మా అంతస్తులో నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో!

రోగుల తాలూకు మనుషులకి ఆవిడంటే హడల్. ఎవరైనా బెంచీమీద తల పట్టుకుని కూర్చుంటే ఊరుకోదు.

"ఊరికే కూర్చున్నావేం? లే. ఆ కుండీ నీది. ఆకుల మీద కాదయ్యా, మొదట్లో పొయ్యి! ఈ ఉక్కలో ఆకు తడిసిందంటే బూజే."

ఎరువుకైతే మరీ పాఠం. "నీళ్లు పోసినకొద్దీ మట్టిలో బలం కొట్టుకుపోతుంది. అందుకని రెండు వారాలకోసారి పెట్టాలి. డబ్బామీద రాసినదాంట్లో సగం చాలు. ఎక్కువైతే వేరు మాడుతుంది. మొక్క చచ్చిందో, నీ మొహం చూడను!"

ఏడో నంబరు మంచం ఆవిడ భర్త రంగుల కొట్టులో వ్యాను డ్రైవరు. ఎర్ర జీనియా అతని వంతుకి వచ్చింది. పెళ్లానికి మింగుడుపడటం లేదు, నోటికి చుక్క నీళ్లు కూడా ఇవ్వొద్దన్నారు డాక్టర్లు. అప్పట్నుంచి అతను గంటకోసారి కుండీకి నీళ్లు పోశాడు. అత్తయ్య వేలు పెడితే బురదతో పైకి వచ్చింది.

"ఇది కుండీయా, మడుగా?"

"ఆవిడకి ఇవ్వొద్దన్నారు సిస్టర్. దీనికైనా పోద్దామని..."

ఇప్పుడు కరుగుతుంది అనుకున్నాను. ఎక్కడ! "ఆ చెంబు ఇలా తే" అని లాక్కుపోయింది. రెండు రోజులు నేను ఆవిడతో మాట్లాడలేదు.

మూడోరోజు పొద్దున్నే డ్యూటీకి వెళ్లేసరికి అత్తయ్య వరండాలో గొంతుక్కూర్చుని ఉంది. జీనియా సొమ్మసిల్లి పడిపోయింది. వేళ్లు నల్లబడి కుళ్లు వాసన. దాన్ని పీకి సంచిలో వేసి, ఇంటినుంచి తెచ్చిన మరో జీనియాని అదే కుండీలో నాటుతోంది. పక్కన ఇంకో సంచిలో మరో మూడు మొక్కలున్నాయి.

"నోరు తెరిచావంటే చంపుతా" అంది, నన్ను చూసి.

"ఎన్నాళ్లనుంచి ఈ పని?"

"మొదట్నుంచీను. నీళ్లు పోసి చంపనివాళ్లెవరే ఇక్కడ? తెల్లారి లేవగానే వాళ్లకి అది కూడా చచ్చి కనబడాలా?"

ఏది ఆ రోజు దాటదో వేలితో ముందే కనుక్కుని, వాళ్లు లేచేలోగా మార్చేస్తోందన్నమాట. నేను కళ్లు తుడుచుకుంటుంటే, "చాల్లే, మట్టి ఎత్తు" అంది.

చిక్కల్లా ఒక్కటే. పాతది ఎరుపు, కొత్తది గులాబీ. ఏడింటికి డ్రైవరు వచ్చి కుండీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"సిస్టర్, నిన్న ఎరుపు కదా?"

"ఎరువు వేశాను. రంగు దిగింది" అంది అత్తయ్య, రెప్ప వెయ్యకుండా.

అతను తలూపి, లోపలికి వెళ్లి, పెళ్లాం చెవిదగ్గర వంగి, "పూసిందే!" అన్నాడు. ఆవిడ కళ్లు మెదిలాయి.

తొమ్మిది రోజులకి ఆవిడ పోయింది.

వారం తర్వాత డ్రైవరు కాగితాలేవో తీసుకోవడానికి వచ్చి, వరండాలో అత్తయ్య ముందు ఆగాడు.

"పన్నెండేళ్లు రంగుల డబ్బాలు మోశాను సిస్టర్. ఎరుపుకీ గులాబీకీ తేడా తెలీదా నాకు? ఆ మాట అంటే మీరు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నా."

అత్తయ్య గులాబీ జీనియా కుండీ ఎత్తి అతని చేతుల్లో కుక్కింది.

"తీసుకుపో. మిట్టమధ్యాహ్నం వాలిపోతుంది. అది దాహం కాదు, వేడి. కంగారుపడి నీళ్లు గుమ్మరించకు. సాయంత్రానికి దానంతటదే లేస్తుంది."

"లేవకపోతే సిస్టర్?"

"ఇటు పట్టుకురా, ఇంకోటి ఇస్తా" అంది అత్తయ్య. "రంగు మాత్రం నువ్వే ఎంచుకుందువుగాని."