ఆ బిట్టు వాయించిన మనిషి

మా ఇంట్లో ఏ తగాదా వచ్చినా చివరికి నా డైరీల బీరువా దగ్గర తేలుతుంది. గీజరు కొన్నది ఎప్పుడు, పెద్దమ్మాయికి ఆటలమ్మ పోసింది ఏ నెలలో, బావమరిది అలిగి వెళ్లింది భోజనానికి ముందా తర్వాతా, అన్నీ అందులో ఉన్నాయి. శ్రీనగర్ కాలనీలో మా అపార్టుమెంటు వాళ్లు కూడా బోరు ఎప్పుడు వేయించారో తెలుసుకోవడానికి మా తలుపే కొడతారు. నేను కళ్లజోడు తుడుచుకుని, పేజీ తీసి చదువుతాను. వాళ్లు ఒప్పుకుని వెళ్లిపోతారు. దీనివల్ల నా డైరీతో పాటు నేను కూడా ఎప్పుడూ కరెక్టేనని నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఈ రెండూ వేరువేరు విషయాలని నిరుడు చలికాలంలో తెలిసింది.

నేను సినిమా పాటల్లో వయొలిన్ వాయించి రిటైరయ్యాను. రిటైరయ్యానంటే ఎవరూ దండ వెయ్యలేదు. కీబోర్డులు వచ్చాయి, నాకు ఫోన్లు రావడం ఆగిపోయింది. అంతకుముందు ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ రికార్డింగు థియేటర్లలో చాలా ఏళ్లు వాయించాను. వయొలిన్ల వాళ్లం ఇద్దరికో స్టాండు చొప్పున కూర్చునేవాళ్లం, స్టాండు మీద ఇద్దరికీ ఒకే నొటేషను కాగితం. నా పక్కన కూర్చునే ఆయన కాకినాడ వైపు మనిషి, చర్చిలో వయొలిన్ నేర్చుకున్నాడు. లోపలివైపు కూర్చున్నవాడు పేజీ తిప్పాలి. ఆయన ఎప్పుడూ లోపలివైపే.

మేం వాయించిన పాటల్లో ఒకటి ఇప్పటికీ ఆగలేదు. పెళ్లి వీడియోల్లో వినిపిస్తుంది, ఆటోల్లో వినిపిస్తుంది, మా పక్క ఫ్లాట్ వాళ్ల కాలింగ్ బెల్లుగా కూడా వినిపిస్తుంది. అందులో రెండో చరణానికి ముందు ఒంటరిగా ఒక వయొలిన్ బిట్టు వస్తుంది. పద్నాలుగు సెకన్లు. ఆ బిట్టు వాయించింది నేను. క్యాసెట్ల మీద వాయిద్యకారుల పేర్లు వేసే అలవాటు అప్పుడు లేదు గనుక కాగితం మీద సాక్ష్యం లేదు. కానీ ఆ తర్వాత ఎన్నో ఏళ్ల పాటు స్టేజి ప్రోగ్రాముల్లో ఆ బిట్టు వాయించింది నేనే. మైకు పట్టుకుని ఆ రికార్డింగు కథ చెప్పిందీ నేనే. థియేటర్లో ఏసీ పాడైపోయిందని, అందరూ చెమటలు కక్కుతుంటే సంగీత దర్శకుడు నన్నొక్కణ్ణే మైకు దగ్గరికి పిలిచారని, ఒకే టేకులో అయిపోయిందని చెప్పేవాణ్ణి. నా స్టాండు మిత్రుడు ప్రోగ్రాములకు వచ్చేవాడు కాదు. సాయంత్రాలు మోతీనగర్‌లో ఇంటి దగ్గర పిల్లలకు వయొలిన్ చెప్పేవాడు. ఆదివారాలు చర్చి.

నిరుడు కృష్ణానగర్‌లో ఉండే ఒక కీబోర్డు ఆర్టిస్టు, ముప్ఫయ్యేళ్లుంటాయేమో, పాత పాటలను అసలు వాయిద్యాలతో వాయించే బృందం ఒకటి పెట్టాడు. పాతవాళ్లను వెతికి పట్టుకున్నాడు. ఒక వారం కార్యక్రమం: సోమవారం రిహార్సల్, బుధవారం విజయవాడ, గురువారం రాజమండ్రి, శుక్రవారం విశాఖ, ఆదివారం జూబ్లీహిల్స్‌లో ఒక క్లబ్బు పచ్చికబయలు మీద చివరి కచేరీ. నా మిత్రుడు కూడా ఒప్పుకున్నాడు. పిల్లలు స్థిరపడ్డారు, శిష్యులు తగ్గారు. మళ్లీ ఒకే స్టాండుకు కూర్చున్నాం. ఇప్పుడు నొటేషను కాగితం మీద లేదు, టాబ్లెట్లో ఉంది, పేజీ దానంతట అదే తిరుగుతుంది. అయినా పేజీ చివరికి రాగానే ఆయన చెయ్యి లేచి, మళ్లీ దిగేది.

సోమవారం ఫిల్మ్‌నగర్‌లో ఒక సెల్లార్‌లో రిహార్సల్. ఈ కాలంలో అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెడతారు, వాటిలో తాళం టిక్కుటిక్కుమంటుంది, అందరూ దానికి కట్టుబడి వాయించాలి. నా బిట్టు దగ్గర కీబోర్డు ఆర్టిస్టు మూడుసార్లు ఆపాడు.

"సార్, గాడ జర ఆగుతున్నరు మీరు. రికార్డుల ఆగలే."

ఆ బిట్టులో మూడో స్వరం దగ్గర ఊపిరి తీసుకున్నట్టు ఆగాలని, వాయించినవాణ్ణి నాకు తెలియదా అని మర్యాదగానే చెప్పాను. ఆయన రికార్డు ఒకసారి వేసి వినిపించాడు. వినిపించేది క్యాసెట్టు నుంచి ఎక్కించిన కాపీ, స్పీడు తేడా ఉంటుందన్నాను. నా మిత్రుడు వయొలిన్ తుడుచుకుంటున్నాడు. దుమ్మేమీ లేదు.

మంగళవారం ఉదయం ఆరు నలభైకి యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దగ్గర బస్సెక్కాం. ఆరున్నర అన్నారు. బుధవారం విజయవాడలో యాంకరమ్మాయి నన్ను పరిచయం చేసింది, నేను కథ నాలుగు నిమిషాలు చెప్పాను, బిట్టు వాయించాను, చప్పట్లు కొట్టారు. గదికి చేరేసరికి రాత్రి పన్నెండున్నర. డైరీ రాసి పడుకున్నాను.

రాజమండ్రిలో గురువారం పొద్దున వీడియోలు తీసే అమ్మాయి వచ్చింది. ఆదివారం హైదరాబాదులో నేను స్టేజి మీదికి వచ్చేముందు తెర మీద ఆ రికార్డింగు తేదీ వెయ్యాలట. గుర్తుందా అంకుల్ అని అడిగింది. గుర్తుండటం కాదమ్మా, రాసి ఉంది అన్నాను. ఇంటికి ఫోను చేసి, ఏ సంవత్సరం డైరీ, ఏ అరలో ఉంటుందో మా ఆవిడకు చెప్పాను. ఆవిడ పప్పు పొయ్యి మీద ఉందంది. దింపమన్నాను. పావుగంట తర్వాత తనే చేసింది.

"దొరికిందండీ. చదవనా?"

"చదువు."

"'ఎడమ దవడ పన్ను పీకించుకున్నాను. వయొలిన్ ఆనించలేను. రికార్డింగుకు వెళ్లలేదు. సోలో బిట్టు పక్కనాయన వాయించాడట, ఒకే టేకు. థియేటర్లో ఏసీ పాడైందట. రాత్రి మజ్జిగన్నం.'"

పాట సరిగ్గా చూశావా అని అడిగాను. పాట పేరు పైన ఉంది, కింద గీత కూడా గీశారు అంది. ఇంకో నెల తర్వాత మళ్లీ ఉందని అదీ చదివింది: 'పాట విన్నాను. బిట్టు బాగుంది. నేనైతే మూడో స్వరం దగ్గర కొంచెం ఆగేవాణ్ణి.'

"మీ చేతిరాతే," అంది మా ఆవిడ. "మరి పెళ్లిళ్లలో అందరి ముందూ చెప్పిందేమిటండీ?" అంది.

పప్పు చూసుకోమన్నాను.

నాకు దవడలో ఆ ఖాళీ ఇప్పటికీ ఉంది. నాలుకతో తడిమి చూసుకున్నాను. అబద్ధం చెప్పానని నాకెప్పుడూ అనిపించలేదు. స్టేజి మీద అన్నిసార్లు వాయించాక, చేతులకు తెలిసింది బుర్రకూ నిజమైపోయినట్టుంది. ఏసీ పాడైన సంగతి ఆ రాత్రి మా ఇంటికొచ్చి ఆయనే చెప్పుంటాడు. నేను అందులో దూరి కూర్చున్నాను.

ఆ సాయంత్రం రాజమండ్రిలో కూడా మైకు నా చేతికిచ్చారు. రాసేవాణ్ణి గనుక ఇది కూడా రాయాలి: కథ మళ్లీ చెప్పాను. కొంచెం తగ్గించాను. మూడు నిమిషాలు.

రాత్రి బస్సు విశాఖకు బయల్దేరింది. ఒంటిగంటా నలభైకి ఆయన పక్క సీట్లో కూర్చుని, డైరీలో ఇలా ఉందట అని చెప్పాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.

"తెలుసు," అన్నాడు.

"ఇన్నాళ్లూ అనలేదేం?"

"ఎవరడిగారయ్యా? నువ్వు చెప్తుంటే బావుండేది. నేనైతే అంతసేపు నిలబడి చెప్పలేను." తర్వాత కళ్లు తెరిచాడు. "మా ఆవిడే, నువ్వు టీవీలో వస్తే కట్టేసేది. ఆదివారం తీసుకొస్తానని మా అమ్మాయి టిక్కెట్లు కొన్నది. పాపం ఎదురుగా కూర్చుని వినాలి."

మోతీనగర్‌లో వాళ్లింటికి నేను చాలాసార్లు వెళ్లాను. ప్రతిసారీ ఆవిడ టీ ఇచ్చేది. ప్రతిసారీ నేను డైరీలో రాసుకున్నాను: టీ, చక్కెర తక్కువ. ఆ కుటుంబానికి అలవాటేమో అనుకున్నాను.

ఆదివారం బిట్టు నువ్వు వాయించు అన్నాను. ముప్ఫయ్యేళ్లయింది, వేళ్లు బిగుసుకుపోయాయి, ఆవిడ ముందు తప్పు వాయిస్తే అంతకంటే అవమానం ఉండదు, వదిలెయ్ అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

విశాఖలో నేను మైకు తీసుకోలేదు. గొంతు బాగాలేదని చెప్పాను, బిట్టు మాత్రం వాయించాను. తర్వాత కీబోర్డు ఆర్టిస్టును పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. తెర మీద నా ఫొటో ఎక్కించేశారట, బయట ఫ్లెక్సీలో కూడా నేనేనట.

"గిప్పుడు ఎట్ల సార్? మీ పేరు మీద టిక్కెట్లు కొన్నరు."

నా పేరు మీద ఎవరూ కొనరు, ఆ బిట్టు మీద కొన్నారు, అది ఆయనది అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను, రికార్డులో మూడో స్వరం దగ్గర ఎవరూ ఆగలేదని. "నేను సోమవారమే చెప్పిన కదా సార్," అన్నాడు.

శనివారం తిరుగు ప్రయాణం పొద్దున అయిదుంబావుకి మొదలైంది. తుని దాటాక వెనక్కి చూస్తే నా మిత్రుడు చివరి వరసలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. వయొలిన్ ఒళ్లో పెట్టుకుని, కమాను లేకుండా, ఎడమచేతి వేళ్లు మాత్రం తీగల మీద నడిపిస్తున్నాడు. అవి ఏ స్వరాలో నా సీట్లోంచే నాకు తెలిసిపోయింది. సూర్యాపేట దాకా పదకొండుసార్లు లెక్కపెట్టాను. ఆ తర్వాత నిద్రపోయాను.

ఆదివారం మా ఆవిడ డైరీని ప్లాస్టిక్ సంచీలో చుట్టి తెచ్చింది. తెర మీద నా ఫొటో వేశారు. యాంకరమ్మాయి నన్ను పిలిచింది. మైకు దగ్గర కళ్లజోడు తుడుచుకుని, పేజీ తీసి, ఆ రోజు రాసినదంతా పన్నుతో సహా, మజ్జిగన్నంతో సహా చదివాను. పన్ను దగ్గర జనం నవ్వారు. హాస్యం కోసం చదువుతున్నాననుకున్నారు. మూడో వరసలో ఆయన భార్య మాత్రం నవ్వలేదు. చీర కొంగు ముడి వేసుకుంటూ నన్నే చూస్తోంది. అప్పుడు నేను స్టాండు దగ్గరికి వెళ్లి బయటివైపు కుర్చీ ఖాళీగా వదిలేసి, లోపలివైపు కుర్చీ వెనక నిలబడ్డాను.

"లే," అన్నాను.

"ఏంటయ్యా ఇది," అన్నాడు నాకు మాత్రమే వినపడేలా. లేచాడు. మోకాలు టక్కుమంది.

పాట మొదలైంది. మొదటి చరణం అయింది. ఆయన వాయించాడు. మూడో స్వరం దగ్గర ఆగలేదు. కీబోర్డు ఆర్టిస్టు ఆ వారంలో మొదటిసారి ఆ చోట తలెత్తి చూడలేదు. చివరి స్వరం వెంట్రుకవాసి కిందికి పోయింది. ఆ జనంలో అది ఇద్దరికే తెలిసి ఉంటుంది, ఇద్దరమూ స్టేజి మీదే ఉన్నాం. ఆగకుండా వాయిస్తే ఆ బిట్టు నేననుకున్నదాని కంటే బాగుంటుంది. ఇది ఆ రాత్రి డైరీలో రాసి, కింద గీత గీశాను.

మంగళవారం మోతీనగర్ వెళ్లాను. ఆయన లోపల శిష్యుడికి పాఠం చెబుతున్నాడు. ఆవిడ కూర్చోమని ఫ్యాను వేసి, వంటింట్లోకి వెళ్లి, గుమ్మం దాకా మళ్లీ వచ్చింది.

"చక్కెర ఎన్ని చెంచాలు వెయ్యమంటారండీ?"

ఇన్నేళ్లలో ఆవిడ అలా అడగడం మొదటిసారి. నాకు షుగరొచ్చి నాలుగేళ్లయింది.

రెండన్నాను.