రుక్మిణి మేడం కడుపు మీద ప్రోబ్ పెట్టిన రోజు

ఈ మధ్య కడపలోని మా స్కానింగ్ గదికి కొత్త రకం జెల్ వచ్చింది. సీసా మూత తీయగానే ఆ చల్లటి, సబ్బులాంటి వాసనకు నా వేళ్లు బిగుసుకుపోయాయి. ఒకప్పుడు కర్నూలులో నేను చదువుకున్న ఆస్పత్రిలో వాడిన జెల్ వాసన అది. అక్కడ, ఒక మధ్యాహ్నం, బల్ల మీద పడుకున్న మనిషి కడుపు మీద ప్రోబ్ అనే స్కానింగ్ పరికరం పెట్టలేక నిలబడిపోయాను. ఆమె పేరు రుక్మిణి. నాకు స్కానింగ్ నేర్పిన డాక్టరు.

మేడంది ఆదోని పక్క పల్లె. ఎంత చదివినా ఊరి మాట వదల్లేదు. లివర్ చూడటం తేలికే కానీ, దాని కింద పిత్తనాళం చివర, కడుపు వెనక దాక్కున్న క్లోమం అంత సులువుగా దొరకవు. పేగుల్లో గాలి అడ్డమొస్తుంది. "కనిపించలేదు" అని రాస్తే ఆమె ఒప్పుకునేది కాదు. ఒకసారి ఎర్రగుంట్ల నుంచి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. పసరు తాగినా కామెర్లు తగ్గలేదట. నాళం చివర ఎంత వెతికినా నాకు అందలేదు. ప్రోబ్ ఆపి మౌనంగా తెర వైపు చూస్తుండిపోయాను.

"ఏముండాది డాక్టరమ్మా లోపల? ఏమీ మాట్లాడరేంది?" అన్నాడతను.

మేడం వచ్చి అతనిచేత నీళ్లు తాగించింది. కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టి, తొందరపడకుండా కూర్చుంది. నీళ్లతో నిండిన కడుపు కిటికీలా పనిచేసింది. దాని గుండా నాళం చివర తెల్లగా మెరిసింది రాయి.

"రాయి ఉండాదప్పా. పిత్తం పోయే దారిలో అడ్డం కూర్చునుండాది. నోట్లోనుంచి సన్న గొట్టం పంపించి తీస్తారు. కడుపు కోసేపని లేదు" అని చెప్పింది. అతను రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు.

అతను వెళ్లాక నాతో అంది: "నువ్వు ఊరకుండిపోయినావు చూడు, ఆ కాసేపట్లో ఆయప్ప తన పాడె తానే కట్టుకున్యాడు. పండుకున్నోళ్లు తెర చూడరు భారతీ. మన మొగం చూస్తారు."

నా చదువు చివరి ఏడాదిలో, ఒక మధ్యాహ్నం రోగులంతా వెళ్లిపోయాక మేడం నన్ను పిలిచి తలుపు వేసింది. కిటికీ దగ్గరికెళ్లి కింది రెప్ప లాగి చూపించింది. పచ్చగా ఉంది. చేతుల నిండా దురదకు గోక్కున్న గీతలు. "నొప్పి ఉందా మేడం?" అనడిగాను. ఉందంటే రాయి కావచ్చని నా ఆశ. "లేదు" అంది. యాభై దాటినవాళ్లలో నొప్పి లేని కామెర్లు ఎక్కువగా క్యాన్సర్ గడ్డకు గుర్తని ఇద్దరికీ తెలుసు.

"ఎవరైనా పెద్ద డాక్టర్లకు చూపించుకోండి మేడం."

"నువ్వే చూడు. మొగం దాచుకోను చేతకాని మనిషి కావాల నాకు."

ప్రోబ్ పట్టుకుని నిలబడిపోయి, చివరికి మొదలుపెట్టాను. కాసేపటికే ఆగిపోయాను.

"మాట్లాడు భారతీ."

"పిత్తనాళం లావైంది మేడం."

"రాయి?"

"లేదు."

"కిందికి రా."

"క్లోమంలో నాళం కూడా ఉబ్బింది. దాని తల భాగంలో..." ఆమె దుప్పటి అంచు గుప్పిట్లో నలుపుతోంది. "గడ్డ ఉంది మేడం."

దుప్పటి అంచు వదిలి కళ్లు మూసుకుంది. "ఈ బల్ల మింద ఇంత భయమైతాదని నాకు తెలుసనుకుంటాంటి. తెల్దు" అంది.

ఆపరేషన్‌కు వీలుందో లేదోనని గడ్డ పక్కనున్న రక్తనాళాలను సీటీ స్కాన్‌లో చూశారు. పిత్తనాళాల కోసం ఎమ్మారై తీయాలి. సొరంగంలాంటి ఆ యంత్రంలోకి ఎంతమందినో ధైర్యం చెప్పి పంపిన మనిషి, లోపలికెళ్లగానే భయమేస్తే నొక్కమని చేతికిచ్చిన రబ్బరు బంతి నొక్కేసింది. యంత్రం ఆపారు. "నా వల్ల కాదు" అంది. గాజులు, గొలుసు, పిన్నులు తీసేసి, చెవుల్లో అడ్డు పెట్టుకుని నేనూ ఆ గదిలోకి వెళ్లాను. బయటికి కనిపిస్తున్న ఆమె పాదం పట్టుకున్నాను. సుత్తితో బాదుతున్నట్టు చప్పుడు. ఆమె భయం పాదంలోంచి నా అరచేతిలోకి పాకింది. వదల్లేదు. తర్వాత బొమ్మలో నాళాలు తెల్లటి కొమ్మల్లా దిగి వచ్చి, గడ్డ దగ్గర తెగిపోయి కనిపించాయి.

హైదరాబాదులో పెద్ద ఆపరేషన్ చేశారు. సగం మనిషై తిరిగొచ్చి, మళ్లీ మాకు పాఠాలు చెప్పింది. అంతా గడిచిపోయిందని నేను నమ్మడం మొదలుపెట్టిన వేసవిలో మళ్లీ బల్ల ఎక్కింది. ఈసారి ఆమె అడగకముందే చెప్పాను. "గడ్డ లివర్‌లోకి పాకింది మేడం. మచ్చలున్నాయి. ఒక్కటి కాదు."

"సరే. గొంతు వణికినా చెప్పినావు. లేపు నన్ను. బయట జనం కూర్చోనుండారు."

ఆ ఏడు వానలు మొదలుకాకముందే, ఆదోనిలో తమ్ముడి ఇంట్లో పోయింది.

భయం నన్ను వదల్లేదు. పచ్చబడిన కళ్లతో ఎవరు లోపలికి వచ్చినా ముందు నొప్పి ఉందా అనే అడుగుతాను. నిన్న రాజంపేట నుంచి పచ్చని కళ్లతో ఒకామె వచ్చింది. నొప్పి లేదంది. ప్రోబ్ పెట్టగానే నా ముఖంలోకే చూసింది.

"ఏముండాది డాక్టరమ్మా?"

"చూస్తాండానమ్మా. ఇది లివరు, బాగుండాది. ఇంకా లోతుకు పోవాల. యాడ ఏం కనపడితే అది నీకు చెప్తా" అన్నాను.

ఆమె చూపు నా ముఖం మీదే ఉంది. చూపు తిప్పుకోకుండా తలూపి, ప్రోబ్ కిందికి జరిపాను.